మెదడు కోటలోకి సూక్ష్మజీవి ఎలా చొరబడుతుంది?

మెదడువాపు పేరు వినని ఊరు మన రాష్ట్రాల్లో లేదు. దోమ కాటు ద్వారా వైరస్ వల్ల వచ్చే జబ్బు అది. మేము ఇక్కడ వివరించబోయేది మెనింజైటిస్ గురించి. మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలు వాచడమే మెనింజైటిస్. ఇందులో బాక్టీరియా వల్ల వచ్చే రకం ఎక్కువ ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇది సోకినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు మరణిస్తున్నారు. ఒకే గదిలో పక్కపక్కనే పడుకునే హాస్టల్ విద్యార్థులమైన మనం దీని గురించి తప్పక తెలుసుకోవాలి.

కోటగోడ

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశారు. అవయవాలన్నిటికీ రంగు అంటింది, మెదడుకు మాత్రం అంటలేదు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ అదే తరహా రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించారు. ఈసారి మెదడుకు రంగు అంటింది, మిగతా అవయవాలకు అంటలేదు. అంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉందన్నమాట. దీన్నే రక్త-మెదడు అవరోధం అంటారు.

మెదడులోని సన్నని రక్తనాళాల లోపలి కణాలే ఈ గోడ. మిగతా చోట్ల ఈ కణాల మధ్య సందులుంటాయి. మెదడులో మాత్రం సందు లేకుండా కుట్టినట్లు ఉంటాయి. ఆక్సిజన్ సులభంగా దాటుతుంది. గ్లూకోజును ప్రత్యేక ప్రోటీన్లు మోసుకుపోతాయి. మిగతావాటిలో చాలావాటికి ప్రవేశం లేదు.

మూడు దొంగదారులు

మొదటిది, కణం గుండా పోవడం. న్యుమోకాకస్ అనే బాక్టీరియా తన గోడ మీద ఫాస్ఫోరిల్ కోలిన్ అనే పదార్థాన్ని ధరిస్తుంది. మన శరీరంలోని ఒక సహజ రసాయనం మీద కూడా ఇదే గుర్తు ఉంటుంది. కణం తన మనిషే వచ్చాడనుకుని తలుపు తీసి లోపలికి తీసుకుంటుంది. దొంగతాళం చెవి అంటే ఇదే!

రెండవది, కణాల మధ్య నుంచి పోవడం. మెనింగోకాకస్ ఆరోగ్యవంతుల్లో సుమారు పదిమందిలో ఒకరి ముక్కు, గొంతుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. అరుదుగా రక్తంలోకి దిగుతుంది. చక్కెర పదార్థంతో చేసిన తొడుగు దాన్ని తెల్లరక్తకణాల నుంచి కాపాడుతుంది. రక్తం నెమ్మదిగా పారే చోట, వెంట్రుకల్లాంటి పైలైలతో నాళం గోడకు అతుక్కుని గుంపుగా పెరుగుతుంది. అక్కడి నుంచి కణంలోకి సంకేతాలు పంపుతుంది. దాంతో కణాలను కుట్టి ఉంచే ప్రోటీన్లు తమ చోటు వదిలి ఈ గుంపు కిందకు చేరతాయి. కుట్లు వదులై సందు ఏర్పడుతుంది.

మూడవది, తెల్లరక్తకణంలోనే దాక్కుని పోవడం. లిస్టీరియా ఇలా కూడా వెళ్లగలదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా!

లోపలికి పోయాక

మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో రక్షక కణాలు చాలా తక్కువ. బాక్టీరియా అక్కడ వేగంగా పెరుగుతుంది. ఆలస్యంగా మేలుకున్న రక్షణ వ్యవస్థ విరుచుకుపడుతుంది. దానివల్ల వాపు వస్తుంది. పుర్రె సాగదు కాబట్టి మెదడు మీద ఒత్తిడి పెరుగుతుంది. బతికినవారిలో కొందరికి వినికిడి పోవడం, మూర్ఛలు మిగిలిపోతాయి. అందుకే వైద్యులు యాంటీబయాటిక్‌తో పాటు చాలా సందర్భాల్లో వాపు తగ్గించే డెక్సామెథసోన్ కూడా ఇస్తారు.

ఒక అపోహ

వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని మన పల్లెల్లో చాలామంది భయపడతారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూదిని అంతకంటే కిందే గుచ్చుతారు. అది వెన్నుపామును తాకదు. ఏ క్రిమి వచ్చిందో తేల్చే ముఖ్యమైన పరీక్ష అదే. ఈ మాట మన ఇళ్లలో చెప్పాల్సింది చదువుకున్న మనమే.

మనం చేయాల్సింది

మెనింగోకాకస్ దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా, దగ్గరగా మెలగడం వల్ల వ్యాపిస్తుంది. 2005లో ఢిల్లీలో ఈ వ్యాధి ప్రబలింది. హాస్టళ్లు, సైనిక బ్యారక్‌ల వంటి ఇరుకు చోట్ల ముప్పు ఎక్కువ.

తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, వాంతులు, గడ్డం ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, మగత, మాట తడబాటు, గాజుగ్లాసుతో అదిమినా మాయని ఎర్రమచ్చలు దీని లక్షణాలు. ఇవన్నీ ఒకేసారి కనిపించాలని లేదు. పక్క మంచం మీది మిత్రుడిలో ఇవి కనిపిస్తే జ్వరం మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకూడదు. వెంటనే వార్డెన్‌ను లేపాలి, 108కి ఫోన్ చేయాలి. మెనింగోకాకస్ అని తేలితే గదిలోని మిగతావారికి కూడా వైద్యులు ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు.

చిన్నపిల్లలకు టీకాలున్నాయి. హిబ్ అనే క్రిమి నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా 2011 నుంచి దశలవారీగా మన దేశంలో వచ్చింది. న్యుమోకాకస్ టీకా 2017లో మొదలై 2021 నాటికి దేశమంతటా విస్తరించింది. రెండూ ఉచితమే. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు, అక్కల పిల్లలు ఉంటే వేయించారో లేదో అడగండి.

మిత్రులారా! గోడ దాటడానికి సూక్ష్మజీవి ఎన్నో ఉపాయాలు నేర్చుకుంది. అది దాటిన తర్వాత మన చేతిలో ఉండేది కొద్ది గంటలే. ఆ గంటల్లో రోగికి మొదటి వైద్యుడు పక్క మంచం మీద పడుకున్న మిత్రుడే.