పావురాలకు వేసే మక్కలకు బూజు పట్టకుండా ఏం చేయాలి?



మన హాస్టల్లో చాలామంది ఇండ్లల్లో పావురాలు ఉన్నాయి. మా ఇంట్లో కూడా ఉన్నాయి. చూరు కింద నాయిన కుండలు కట్టిండు, వాటిలో గూళ్లు పెట్టుకున్నాయి. పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగింది ముందు చెప్తాను.

మక్క కంకులు విరిచే టైములో ముసురు పట్టింది. కంకులు బాగా ఎండకముందే ఒలిచి గుమ్మిలో పోసిండ్రు. నేను మూత తీస్తే ముక్కిన వాసన వచ్చింది. పైన గింజలు ఒకదానికొకటి అంటుకొని పచ్చగా, నల్లగా ఉన్నాయి. అవ్వ "ఇవి మనకు పనికిరావు గానీ కడిగి ఎండబెట్టి పావురాలకు వెయ్యి బిడ్డా, పారేస్తే పాపం" అన్నది. నేనే కడిగిన, నేనే ఎండబెట్టిన, నేనే వేసిన. వారం తిరగకముందే రెండు పిల్లలు గూట్లోనే చచ్చిపోయినయి. తర్వాత ఒక పెద్ద పావురం రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి ఊపిరి తీస్తూ మూలకు కూర్చున్నది. అది కూడా బతకలేదు.

సెలవుల తర్వాత సైన్సు మేడంను అడిగిన. మేడం చెప్పినవి, లైబ్రరీలో చదివినవి కలిపి రాస్తున్న.

బూజు ఒక శిలీంధ్రం. దాని విత్తనాల వంటి సిద్ధబీజాలు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. గింజలో తడి ఉండి, వెచ్చగా ఉంటే అవి పెరుగుతాయి. ఆస్పర్జిల్లస్ అనే రకం బూజు మక్కల మీద, పల్లీల మీద అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. ఆ విషం కాలేయాన్ని పాడుచేస్తుంది. కడిగితే పైన బూజు పోతుంది గానీ లోపలి విషం పోదు. ఎండకు, మామూలు వంట వేడికి కూడా పూర్తిగా పోదు. అవ్వ, నేను చేసిన తప్పు ఇదే. ఇంకో సంగతి, బూజు దుమ్మును పీలిస్తే పక్షుల ఊపిరితిత్తులకు కూడా రోగం వస్తుంది.

పావురం గింజను పొట్టు తీయకుండా మొత్తం మింగుతుంది. పిల్లలకు మొదటి కొన్ని దినాలు తల్లి, తండ్రి రెండూ గొంతు కింది సంచిలో తయారయ్యే పాలు పెడతాయి. తర్వాత నానిన గింజలు నోట్లో పెడతాయి. అంటే మనం వేసిన చెడ్డ గింజ పిల్లల దాకా పోతుంది.

1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినయి. బూజు పట్టిన పల్లి చెక్క దాణా తిన్నందుకని తర్వాత తెలిసింది. అఫ్లాటాక్సిన్ సంగతి అట్లా బయటపడింది. 1974లో మన దేశంలోనే రాజస్థాన్, గుజరాత్ లోని ఆదివాసీ ఊళ్లల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని వంద మందికి పైగా చనిపోయిండ్రు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పోయి కారణం కనుక్కున్నారు. ఆ ఇండ్లల్లో కుక్కలు కూడా చచ్చిపోయినయట.

ఇది చదివి నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ గుమ్మిలో అడుగున ఉన్న మక్కలతోనే మా ఇంట్లో గట్క వండుతున్నారు. ఆదివారం నాయిన నన్ను చూడవచ్చినప్పుడు గోండిలో అంతా చెప్పిన. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ "పుస్తకంలో ఉన్నదా?" అని అడిగిండు. ఉన్నదని చూపించిన. నాయినకు చదువు రాదు, అయినా ఆ పేజీని చూసిండు. ఇంటికి పోయి గుమ్మి అంతా తీసి, బూజు పట్టినవి, వాటి పక్కవి కూడా ఏరి గుంతలో పూడ్చిండు. సగం గుమ్మి పోయింది. ఆ సంవత్సరం మాకు కష్టమే అయింది.

కాబట్టి ముందే ఇట్లా చేయాలి:

1. మక్కలను వట్టి నేల మీద కాదు, టార్పాలిన్ మీద పలుచగా ఎండబెట్టాలి. పొద్దు గూకకముందే కప్పాలి.

2. ఉప్పు పరీక్ష చేయాలి. పొడి గాజు సీసాలో పావు వంతు మక్కలు, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి ఊపి, పావుగంట ఆగాలి. ఉప్పు సీసాకు అంటితే గింజలో 15 శాతం కంటే ఎక్కువ తడి ఉన్నట్టు. అంటకపోయినా ఇంకో రెండు దినాలు ఎండబెట్టాలి. నిలువకు 12, 13 శాతం అయితే మంచిది.

3. ఎండలోంచి తెచ్చిన వేడి గింజలను వెంటనే గుమ్మిలో పోయొద్దు. లోపల చెమట పడుతుంది. చల్లారనివ్వాలి.

4. గుమ్మిని, సంచులను రాళ్ల మీదనో కట్టెల మీదనో పెట్టాలి. గోడకు ఆనించొద్దు. పాత గింజల్లో కొత్తవి కలపొద్దు.

5. వేపాకు పురుగులకే, బూజుకు కాదు. పచ్చి ఆకు వేస్తే తడి ఇంకా పెరుగుతుంది. నీడలో ఎండబెట్టి వేయాలి.

6. పావురాలకు పలక మీద తినేంతే వేయాలి. మిగిలింది తీసేయాలి. నీళ్ల చిప్ప దూరంగా పెట్టాలి.

7. బూజు గింజలు ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వాటిని కోళ్లకు దొరకకుండా పూడ్చాలి.

ఇప్పుడు మళ్లీ మక్కలు విరిచే కాలం వచ్చింది. దసరా సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో గుమ్మి మూత తీసి వాసన చూడండి. మనం తినలేని గింజ పావురాలకు కూడా వేయొద్దు. మా ఇంట్లో ఆ కుండలోనే మళ్లీ రెండు గుడ్లు ఉన్నాయని నాయిన చెప్పిండు. ఈసారి ఉప్పు పరీక్ష నేను చేసి అవ్వకు చూపిస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని