ఫారంలో ప్రతి గడికీ పేరు: చూపులేని విద్యార్థికి చేయూత

బడులు, కాలేజీలు తెరిచే రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలోని నెట్ సెంటర్ల దగ్గర స్కాలర్‌షిప్ దరఖాస్తుల రద్దీ మనకు తెలిసిందే. బీడీలు చుట్టే తల్లులు, మరమగ్గాల మీద పనిచేసే తండ్రులు ఆ రోజు కూలి వదులుకొని వస్తారు. వచ్చిన విద్యార్థికి చూపు లేకపోతే ఇంకో కష్టం ఉంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఇంటి ఆదాయం, ఓటీపీ అన్నీ నలుగురిలో బయటికి చెప్పి, మరొకరి చేత నింపించుకోవాలి. ఈ అవస్థ తప్పించే సులువైన మార్గాన్ని దాతలకు వివరించడమే మా ఉద్దేశం.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ పేరుతో ముందే ఉంటుంది. కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వాసి మైకేల్ కరన్ కూడా అంధుడే.

అయితే గడి పక్కన 'తండ్రి పేరు' అని కనబడితే సరిపోదు. ఆ మాటను ఆ గడికి కోడ్‌లో ముడివేయాలి. లేబుల్‌లోని 'ఫర్', గడికిచ్చిన 'ఐడీ' ఒకటే అయితే స్క్రీన్ రీడర్ "తండ్రి పేరు" అని చదువుతుంది. ముడి లేకపోతే చాలాసార్లు "ఎడిట్, ఖాళీ" అని మాత్రమే అంటుంది. అలాంటి గడులు వరుసగా ఇరవై ఉంటే ఎందులో ఏం రాయాలో ఎలా తెలుస్తుంది?

మరికొన్ని జాగ్రత్తలు కూడా కావాలి. గడి లోపల లేతరంగులో రాసిన సూచన టైపు చేయగానే మాయమవుతుంది, కనుక అది లేబుల్‌కు బదులు కాదు. ఎర్ర చుక్కతో సరిపెట్టకుండా 'తప్పనిసరి' అని మాటల్లో రాయాలి. తప్పు జరిగితే గడిని ఎర్రగా చూపడంతో ఆగకుండా "ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉండాలి" అని చెప్పాలి. పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో తెలిపితే ఉచ్చారణ సరిగా వస్తుంది. లేబుల్‌ను ముడివేస్తే పేరు మీద నొక్కినా గడి తెరుచుకుంటుంది, కనుక చేయి వణికే వృద్ధులకూ మేలే.

ఇది హక్కు కూడా. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసుతో పాటు అంధ న్యాయవాది అమర్ జైన్ పిటిషన్‌పై తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది.

దాతలకు మా మనవి ఒకటే. మీ సొమ్ముతో ఏ సంస్థ ఆన్‌లైన్ దరఖాస్తు తయారుచేయించినా, డబ్బు చెల్లించే ముందు ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకొని దాన్ని నింపి చూడండి. వీలైతే చూపులేని విద్యార్థి చేతనే నింపించండి. మొదట్లోనే చెబితే దీనికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. గుట్టుగా ఇవ్వడం మన దాతలకు అలవాటే. అడిగే పిల్లల గుట్టు కూడా నిలబడాలంటే, వారి ఫారం వారే నింపుకోగలగాలి.