కీళ్లవాతానికి బంగారు సూదిమందు

బంగారు కుష్తా తింటే కీళ్లవాతం నయమవుతుందట, నిజమేనా అని మమ్మల్ని అడిగేవారున్నారు. వైద్య చరిత్రలో బంగారానికి చోటున్న మాట నిజమే. కాని అది కుష్తా కాదు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటే వయసు మీరి మోకాళ్లు అరగడం కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేస్తుంది. చేతివేళ్ల కీళ్లు వాచి, ఉదయం లేవగానే పిడికిలి ముడవడం కూడా కష్టమవుతుంది.

బంగారు సమ్మేళనం ఒకటి క్షయ క్రిముల పెరుగుదలను అడ్డుకుంటుందని 1890లో జర్మనీకి చెందిన రాబర్ట్ కోచ్ ప్రకటించారు. క్షయకూ కీళ్లవాతానికీ సంబంధం ఉందని భావించిన ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫారెస్టియే 1929లో బంగారు లవణాలను కీళ్లవాత రోగులకు వాడి చూశారు. ఆయన అనుకున్న కారణం తప్పు. మందు మాత్రం పనిచేసింది! 1960లో బ్రిటన్‌లోని ఎంపైర్ రుమాటిజం కౌన్సిల్ వెలువరించిన ఫలితాలు ఆ మేలును బలపరిచాయి.

మొదట 10 మిల్లీగ్రాములు ఇచ్చి చూసేవారు. పడితే వారానికి 50 చొప్పున మొత్తం దాదాపు 1 గ్రాము అయ్యేవరకు ఇచ్చేవారు. అందులో బంగారం సుమారు సగమే, ఒక ముక్కుపుడకకు సరిపోయేంత! గుణం కనిపించడానికి నెలలు పట్టేది. గుణమిచ్చినవారికి నెలకొక సూది చొప్పున ఏళ్ల తరబడి కొనసాగించేవారు.

పురుషులకు బంగారం నిషిద్ధం కదా అన్న సందేహం సహజం. ఆ నిషేధం అలంకరణకు సంబంధించినది. యుద్ధంలో ముక్కు తెగిన అర్ఫజా బిన్ అస్అద్ (రజి) పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన కొట్టగా, బంగారు ముక్కు పెట్టుకొమ్మని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పిన సంగతి అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

అసలు చిక్కు దుష్ఫలితాలతోనే. దురద, దద్దుర్లు, నోటి పుండ్లు వచ్చేవి. మూత్రంలో ప్రొటీన్ పోయేది, రక్తకణాలు పడిపోయేవి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఎండ తగిలే చర్మం నీలిబూడిద రంగుకు తిరిగేది. మూత్రపిండాలకు, రక్తానికి కలిగే హాని మొదట్లో రోగికి తెలియదు. అందుకే క్రమం తప్పకుండా రక్త, మూత్ర పరీక్షలు చేస్తూనే సూది ఇచ్చేవారు. ఇంట్లో కొని తినే కుష్తాకు ఈ కాపలా ఎక్కడిది?

1985లో బంగారు మాత్ర ఆరనోఫిన్ అమెరికాలో అనుమతి పొందింది కాని సూదిమందంత బలం చూపలేదు. క్రమంగా మెథోట్రెక్సేట్ ముందుకొచ్చింది. 2019లో బంగారు సూదిమందు తయారీ కూడా ఆగింది. దానితోనే ఏళ్లుగా కుదుటపడినవారు వేరే మందుకు మారవలసి వచ్చింది.

మెథోట్రెక్సేట్‌కూ రక్తపరీక్షలు తప్పవు. కీళ్లవాతానికి ఈ మాత్రను వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. పెద్దవాళ్లకు మాత్రలు అందించే కొడుకులు, కోడళ్లు ఆ వారం పేరును డబ్బీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఇది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక బిడ్డను కోరుకునే దంపతులు ముందుగానే వైద్యునితో మాట్లాడాలి.