మామిడితోటలలో గరాటుగూడు కట్టు సాలీడు

నూజివీడు ప్రాంతపు మామిడితోటలలో మార్గశిర, పుష్య మాసములయందు వేకువను తిరుగు రైతులు, గట్లమీది గడ్డిలో మంచుబిందువులతో తెల్లగా మెరయు పలుచని గుడ్డలవంటి సాలెగూళ్లను చూచియే యుందురు. ఆ గుడ్డ యొకప్రక్క గరాటువలె ఇరుకై నేలనెఱ్ఱెలోనికో, వేళ్లసందునకో, మట్టిపెళ్ల క్రిందికో దిగును. ఆ మూతియందు అర అంగుళము పొడవుగల గోధుమరంగు సాలీడు పొంచియుండును. దాని గూటికి జిగురు లేదు. చీమయో, మిడుతపిల్లయో మీదపడి తడబడగానే ఆ అదురు కాళ్లకు సోకి, సాలీడు పరుగున వచ్చి కఱచి, లోనికీడ్చుకొని పోవును.

ఇది ప్రాణము తీయునని వెఱచి కొందఱు గట్లకు నిప్పు పెట్టుదురు. ఆ భయమునకు కారణము లేదు. గరాటుగూటి సాలీడని పేరుపడి కాటుచే మనుష్యులను చంపగలది ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిసరములందుండు ఆట్రాక్స్ అను వేఱొక జాతి. దానికి విరుగుడుమందు 1981లో వాడుకలోనికి వచ్చినది. ఆ జాతి మనదేశమున లేదు. దాని కోరలు పాముకోరలవలె క్రిందికి దిగును. మనదాని కోరలు పట్టకారువలె ఎదురెదురుగా కలియును.

గూటిని బట్టి కులము నిర్ణయింపరాదు. ఐరోపాలో పొదలయందును అడవియంచులందును ఇట్టి గూళ్లు కట్టునది ఆజెలీనా. మనది హిప్పాస, వల లేక నేలపై వేటాడు తోడేలుసాలీళ్ల కుటుంబము దానిది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు సైమన్ 1884లో ఇందొక జాతికి ఆజెలెనాయిడిస్, అనగా ఆజెలీనాను పోలినది, అని పేరిడెను. పోలికయే కాని చుట్టఱికము కాదు. ఆజెలీనాకు ఎనిమిది కన్నులు నాలుగేసి చొప్పున రెండు వరుసలు. హిప్పాసకు ముందు చిన్నవి నాలుగు, వెనుక పెద్దవి రెండు, ఆపైన రెండు. రాత్రివేళ టార్చిదీపమును కంటిసరసను పట్టి చూచిన ఆ కన్నులు రవ్వలవలె మెరయును. తల్లి గ్రుడ్లసంచిని తోకవైపున తగిలించుకొని తిరుగును. పిల్లలు పొదిగినపిమ్మట వీపున మోయును. ఆజెలీనా అట్లు చేయదు.

పూతను పాడుచేయు తేనెమంచు పురుగు కొమ్మలమీదిది గనుక, నేలనుండు ఈ సాలీడు దానిని రూపుమాపునని నమ్మి ఊరకుండరాదు. అయినను గడ్డిలోని మిడుతలను, ఈగలను, చిన్న పురుగులను ఖర్చులేక పట్టు కావలికాడిది. కావున చెట్లపాదులు దున్నినను గట్లమీది గడ్డిని కొంత విడువవలెను. రాలుటాకును కాల్చుటకు మాఱుగా ఎరువుగుంటలో వేయవలెను. మందు చల్లునపుడు గట్లపై పడనీయరాదు. ఒట్టిచేతితో గూటిని కెలికిన కఱవవచ్చును. అప్పుడు సబ్బునీటితో కడిగి, వాపు తగ్గనిచో వైద్యునకు చూపవలెను.