చెట్టును తినని బదనిక

జగిత్యాల మామిడితోటలలో తిరిగినవారికి బదనికను క్రొత్తగా పరిచయము చేయనక్కఱలేదు. కొమ్మ యొకచోట ముడివలె ఉబ్బును. ఆ ముడినుండి మామిడిది కాని ఆకుల గుబురు బయలుదేరును. బదనిక తన వేరును కొమ్మలోనికి చొప్పించి, మామిడికి చేరవలసిన నీటిని, లవణములను తాను పీల్చుకొనును. అందుచేత తెలిసిన రైతు దానిని కొమ్మతోగూడ నఱికివేయును. అది న్యాయమే.

కాని అదే కత్తికి నిరపరాధియైన మఱియొక మొక్కయు బలియగుచుండుట మేము చూచితిమి. దానిని గూడ మనవారు బదనిక యనియే పిలుతురు. శాస్త్రజ్ఞులు దానికి వాండా టెసెల్లేటా యని పేరిడిరి. ఇది ఆర్కిడు కుటుంబములోనిది. మన ప్రాంతములలో మామిడి, ఇప్ప మొదలగు చెట్ల బెరడును పట్టుకొని పెరుగును.

ఈ పొరపాటు నేటిది కాదు. అమరకోశమున వందా, వృక్షాదని, వృక్షరుహ అను పేర్లు ఒకే వస్తువునకు చెప్పబడినవి. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. ఈ రెండును వేఱు వేఱు సంగతులు గదా! ఆ వందా శబ్దమునుండియే సర్ విలియం జోన్సు వాండా యను పేరును గ్రహించెను; అది 1795లో అచ్చయ్యెను. గోదావరి మండలమున సామర్లకోటలో చిరకాలము పనిచేసిన విలియం రాక్స్‌బర్గు, ఆ సంవత్సరముననే తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున దీనిని చిత్రపటముతో వర్ణించెను.

వాండా ఆకులు పచ్చనివి; కావున ఎండ సాయముతో తన యాహారమును తానే సిద్ధపఱచుకొనును. దాని లావైన తెల్లని వేళ్లు బెరడును అంటిపెట్టుకొనునే గాని లోపలికి చొరవు. వాననీటిని, గాలిలోని తేమను మాత్రమే గ్రహించును. చెట్టు దానికి నిలువ నీడయే గాని భోజనము కాదు.

అట్లయిన ఇది ఎవరి సొమ్మును తినదా? తినును, అయితే శైశవమున మాత్రమే, అదియు చెట్టుది కాదు, బూజుది. సెనగగింజలో, వడ్లగింజలో మొలకకు కావలసిన ఆహారమును తల్లిమొక్క మూటగట్టి పెట్టును. ఆర్కిడు విత్తనము ధూళివంటిది. అందు ఆ మూట లేదు. ఒక్క కాయలో వేలకొలది, ఒక్కొక జాతిలో లక్షలకొలది విత్తనములుండి గాలికి ఎగిరిపోవును. వానిలో తగిన శిలీంధ్రము తటస్థించిన ఏ కొన్నియో బ్రదుకును. సిరిసిల్ల మగ్గములపై నాడు నూలుపోగుకంటె ఎంతయో సన్నములైన శిలీంధ్రపు పోగులు విత్తనములోనికి చొచ్చి, కణములలో చుట్టలుగా చుట్టుకొనును. విత్తనము ఆ చుట్టలను జీర్ణించుకొని పెరుగును. చొరబడినవానినే ఇల్లుగలవాడు ఆరగించినట్లు!

ఈ రహస్యమును 1899లో ఫ్రాన్సు దేశీయుడగు నోయెల్ బెర్నారు కనుగొనెను. అడవిలో రాలిన ఆకుల క్రింద నియోట్టియా యను ఆర్కిడు మొలకలను చూచి, వానియందెల్ల శిలీంధ్ర మున్నట్లు ఆతడు గుర్తించెను. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రము లేకుండగనే, చక్కెర కలిపిన ఆహారముపై ఆర్కిడు విత్తనములను మొలిపించి చూపెను. శిలీంధ్రమిచ్చు ప్రధాన వస్తువు చక్కెరవంటి ఆహారమే యని దీనిచే తేటపడెను.

వాండా పెరిగి పచ్చనై స్వయముగా జీవించును. కొన్ని మొక్కలు జీవితాంతము పత్రహరితము లేకయే శిలీంధ్రముల నాశ్రయించి యుండును. మన పడమటి కనుమల నీడలలో మొలచు ఎపిపోజియము, చైనాలో ఔషధమునకు వాడు గాస్ట్రోడియా, హిమాలయములలో తెల్లగా కనబడు మోనోట్రోపా అట్టివి. మోనోట్రోపాకు ఆహార మెచ్చటినుండి వచ్చుచున్నదో తెలియుటకు 1960లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఎరిక్ బ్యోర్క్‌మన్ రేడియోధార్మిక అంగారముగల చక్కెరను వృక్షముల కెక్కించెను. అది ప్రక్కనున్న మోనోట్రోపాలో కనబడెను. వృక్షము శిలీంధ్రమునకు పెట్టినది, శిలీంధ్రము ద్వారా మొక్కకు చేరెనన్నమాట. చెట్టు నఱికిన ఈ పంక్తి యంతయు పస్తుండవలసినదే.

కావున విద్యార్థులారా, కత్తి యెత్తుటకు ముందు మూడు గుర్తులు చూడుడు. కొమ్మపై ఉబ్బిన ముడి యున్నదా? వేళ్లు లోపలికి చొచ్చినవా, లేక బెరడుపై తెల్లగా వ్రేలాడుచున్నవా? ఆకులు సాధారణపు ఆకులవలె నున్నవా, లేక పట్టీలవలె రెండు వరుసలుగా నున్నవా? ముడి యున్నది బదనిక. తెల్లని వేళ్లును పట్టీలవంటి ఆకులును గలది వాండా. దానిని ముచ్చటపడి ఇంటికి పీకి తెచ్చుటయు మేలు కాదు. పెద్దమొక్క కొంతకాలము బ్రదికినను, తగిన శిలీంధ్రము లేనిచోట దాని విత్తనములు మొలవవు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: తోటలో బదనికను తీయించునపుడు పిల్లలను వెంటబెట్టుకొని పొండు. ఏది దొంగయో ఏది అతిథియో వారిచేతనే చెప్పించుడు. గళ్లుగళ్లుగా గోధుమవన్నె రేకులు విచ్చి, ఊదాపెదవితో పరిమళించు ఆ పూవును మన మనుమలును చూతురు గాక!