కారు తలుపు తాళం: మన పిల్లల ప్రాణాలకు భద్రమేనా?

2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకోవడానికి వెళ్లిన నలుగురు చిన్నారులు ఆగివున్న కారులోకి ఎక్కారు. తలుపులు మూసుకుపోయాయి. మళ్లీ తెరుచుకోలేక, ఊపిరాడక ఆ నలుగురూ కన్నుమూశారు. అంతకు నెల ముందే రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు ఇలాగే చనిపోయారు.

ఇవి ఎక్కడో జరిగినవని అనుకోవడానికి లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇప్పుడు కారు లేని వీధి అరుదు. గల్ఫ్‌లో కష్టపడి కొన్న కారు నెలల తరబడి ఇంటి ముందే ఉంటుంది. నికాహ్‌కో వలీమాకో వెళితే ఫంక్షన్ హాలు ముందు వరసగా కార్లు, వాటి మధ్య ఆడుకునే పిల్లలు. అందుకే ఈ తాళం సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి.

తాళం పనిచేసే తీరు

ప్రతి తలుపులో ఒక చిన్న మోటారు ఉంటుంది. డ్రైవరు దగ్గరి బటన్ గాని రిమోట్ గాని నొక్కితే అన్ని తలుపులకూ ఒకేసారి తాళం పడుతుంది. దీన్నే సెంట్రల్ లాకింగ్ అంటారు. చాలా కార్లలో వేగం గంటకు సుమారు 15, 20 కిలోమీటర్లు దాటగానే తాళం దానంతటదే పడుతుంది. నడుస్తున్న బండిలో పిల్లలు హ్యాండిల్ లాగినా, ఆగినచోట బయటివాళ్లు తలుపు తీయబోయినా ఇది కాపాడుతుంది. పెద్ద ప్రమాదం జరిగితే తాళాలు వాటంతటవే తెరుచుకునే ఏర్పాటు కూడా అనేక కార్లలో ఉంది.

చైల్డ్ లాక్ వేరు. వెనుక తలుపు అంచున ఉండే చిన్న మీట అది. అది వేస్తే ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచి మాత్రం తెరుచుకుంటుంది. అంటే పిల్లవాడు లోపలికి ఎక్కడాన్ని అది ఆపదు, దిగడాన్నే ఆపుతుంది. అద్దె కార్లలో చైల్డ్ లాక్ ఉండకూడదని 2019 జూలై నుంచి నిబంధన ఉంది. అప్పటి నుంచే, కొత్త కార్లలో కరెంటు సరఫరా ఆగినా తలుపు తాళాన్ని చేత్తో తీసుకునే వీలు ఉండాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. ఆ వీలు ఎక్కడుందో తెలియకపోతే ఉండీ ప్రయోజనం లేదు.

ఎండలో ఆగిన కారు

బయట 35 డిగ్రీలు ఉంటే, అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే వేడి 45 డిగ్రీల దాకా చేరుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి "రెండు నిమిషాల్లో వచ్చేస్తా"నని బిడ్డను కారులో వదలకూడదు. కారు మన వాకిట్లో ఉన్నా సరే, వెనుక సీటు చూసుకుని తాళం వేయాలి. తాళం చెవి పిల్లలకు అందనివ్వకూడదు. పిల్లలు కనిపించకపోతే బావి, కాలువ గట్టుతోపాటు చుట్టుపక్కల కార్లు కూడా వెంటనే వెతకాలి.

కాలువలో పడితే

మన దారులు చాలావరకు కాలువ గట్ల వెంటే సాగుతాయి. 2024 డిసెంబరులో పి.గన్నవరం మండలంలో కారు కాలువలో పడి ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు మరణించారు. ఇలాంటప్పుడు తాళం తీసినా తలుపు రాకపోవచ్చు. మీటరు వెడల్పు తలుపుకు 60 సెంటీమీటర్ల ఎత్తున బయట నీళ్లుంటే, దానిమీద పడే ఒత్తిడి సుమారు 180 కిలోల బరువుతో సమానం. అందుకే తలుపుతో పెనుగులాడకుండా బెల్టు విప్పి, కరెంటు పనిచేస్తుండగానే పక్క అద్దం దించి, ముందు పిల్లలను బయటికి పంపాలి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలన గట్టి మొనగల వస్తువుతో కొట్టాలి. ముందు అద్దం రెండు పొరలది, కొడితే బీటలు వారుతుందే గాని ఊడిరాదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవరు చేతికి అందేచోట ఉంచుకోవడం మంచిది.

ఇంట్లో చేయవలసిన పని

ఈ ఆదివారం కారు నీడలో నిలిపి, మీరు పక్కనే ఉండి, ఐదారేళ్లు దాటిన పిల్లలను లోపల కూర్చోబెట్టండి. లోపలి నుంచి తాళం తీయడం, వెనుక తలుపు రాకపోతే ముందు సీటులోకి వచ్చి దిగడం, అదీ కాకపోతే హారన్ ఆపకుండా మోగించడం వారిచేతే చేయించండి. చాలా కార్లలో తాళం చెవి లేకున్నా హారన్ మోగుతుంది. ఆపదలో ఉన్నవారికోసం తమ కారు పంపే దాతలు డ్రైవరుకు కూడా ఇవన్నీ చూపించాలి. బిడ్డలు మన చేతిలోని అమానత్. కారు తాళానికి లోపల ఎవరున్నారో తెలియదు, అది చూసుకోవలసింది మనమే.