సంచార పేటికలు

దాగుడుమూతలాట ఎరుగని బాలబాలికలు మన దేశమున నుండరు. ఆ ఆటలో దొరికిన పిల్లవాడు మరుసటి ఆటలో దొంగయై తక్కినవారిని వెదకవలెను. ఇంచుమించు ఇట్టి ఆటనే నేడు పెక్కు దేశములలో పెద్దలును పిల్లలును కలసి ఆడుచున్నారు. ఇందు మనుష్యులకు మారుగా ఒక చిన్న పెట్టె దాగియుండును. ఈ ఆటకు జియోక్యాషింగ్ అని పేరు. ఇందు జియో అను మాటకు భూమి యనియు, క్యాష్ అను మాటకు దాచిన వస్తువనియు అర్థము. మొదటిది గ్రీకు భాష నుండియు, రెండవది ఫ్రెంచి భాష నుండియు వచ్చినవి.

ఈ ఆట పుట్టుటకు చాలకాలము ముందే దీనిని పోలిన వేడుక యొకటి ఇంగ్లండులో నుండెను. ఆ దేశపు నైరృతి భాగమున డార్ట్‌మూర్ అను విశాలమైన బీడుభూమి కలదు. అందు క్రాన్మియర్ పూల్ అను స్థలము ఊబినేలల నడుమ నున్నది. పూర్వము అచటికి చేరుట మిక్కిలి ప్రయాసతో కూడిన పని. 1854వ సంవత్సరమున జేమ్స్ పెరట్ అను మార్గదర్శకుడు అచట ఒక సీసాను ఉంచెను. అంతదూరము నడచి వచ్చిన యాత్రికులు తమ పేరుగల చీటిని అందులో వేసి పోవుచుండిరి. కాలక్రమమున సీసాకు బదులు పెట్టె వచ్చెను. యాత్రికులు చిరునామా వ్రాసిన కార్డులను అందులో విడిచిపోవుటయు, తరువాత వచ్చినవారు వాటిని తీసికొనిపోయి తపాలాలో వేయుటయు ఆచారమయ్యెను. ముందు వచ్చినవాడెవడో వెనుక వచ్చినవాడెరుగడు. ఐనను ఒకడు విడిచిన ఉత్తరమును మరియొకడు చేర్చుచుండెను.

ఈ వేడుక ప్రపంచమంతట వ్యాపించుటకు కృత్రిమోపగ్రహములు తోడ్పడినవి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. అను ఉపగ్రహముల సమూహము తిరుగుచున్నది. ఒక్కొక్క ఉపగ్రహములో అతి సూక్ష్మముగా కాలమును కొలుచు గడియారము కలదు. అది తానున్న చోటును, సంకేతమును పంపిన సమయమును ఎడతెగక తెలుపుచుండును. ఆ సంకేతము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో ప్రయాణించును. మన చేతిలోని యంత్రము అది వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహమెంత దూరమున నున్నదో లెక్కించును. ఇట్లు నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో మనమున్న చోటు అక్షాంశ రేఖాంశములతో సహా తెలియును. మన దేశమును నావిక్ అను పేరుతో ఇట్టి ఉపగ్రహములను 2013 నుండి శ్రీహరికోట నుండి ప్రయోగించుచున్నది.

మొదట అమెరికా ప్రభుత్వము సాధారణ ప్రజలకందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత దోషమును కలిపియుండెను. అందువలన యంత్రము చూపు చోటు నూరు మీటర్ల వరకు తప్పవచ్చుచుండెను. 2000 సంవత్సరము మే 1వ తేదీన అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ దోషమును తొలగింపజేయుచున్నట్లు ప్రకటించెను. ఆ ప్రకటన వెలువడిన రెండు దినములకే, మే 3న, డేవ్ అల్మర్ అను ఆయన ఆరెగన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ గ్రామ సమీపమున ఒక నల్లని బకెట్టును అడవిలో దాచెను. అందులో ఒక పుస్తకము, ఒక పెన్సిలు, మరికొన్ని వస్తువులు నుంచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను అంతర్జాలమున వెల్లడించెను. కనుగొన్నవారు ఒక వస్తువును తీసికొని, బదులుగా మరియొక వస్తువు నుంచి, పుస్తకమున పేరు వ్రాయవలెనని ఆయన నియమము. కొద్దిదినములలోనే ఒకరు దానిని కనుగొనిరి. నేడు ఇట్టి పెట్టెలు ప్రపంచమున 30 లక్షలకు మించియున్నవి.

సాధారణముగా ఈ పెట్టె దాచినచోటనే యుండును. కనుగొన్నవాడు పుస్తకమున తేదీని, పేరును వ్రాసి, దానిని ఎప్పటివలెనే దాచి వెడలిపోవును. కాని కొన్ని పెట్టెలు అట్లు నిలువవు. వాటిని కనుగొన్నవాడు తనతో తీసికొనిపోయి వేరొకచోట దాచి, ఆ క్రొత్త చోటును అందరకు తెలియజేయవలెను. వీటిని సంచార పేటికలనవచ్చును. దాగుడుమూతలలో దొరికినవాడు వెదకువాడగునట్లు, ఇచట వెదకినవాడు దాచువాడగును. ఈ విధముగా ఒక పెట్టె ఒకని చేతినుండి మరియొకని చేతికి మారుచు, ఊరినుండి ఊరికి, ఒక్కొక్కప్పుడు రాష్ట్రమునుండి రాష్ట్రమునకు పయనించును. ఆస్ట్రేలియా దేశపు జియోక్యాషింగ్ సంఘము ఇట్టి పేటికలను ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించినది.

ఈ ఆట చూచుటకు సులభమే గాని, ఆడువారికి కొన్ని బాధ్యతలు కలవు. మొదటిది క్రొత్త చోటును సరిగా కొలుచుట. అక్షాంశమున ఒక డిగ్రీకి 60 నిమిషములు. ఒక నిమిషము భూమిపై సుమారు 1,850 మీటర్ల దూరమునకు సమానము. దాచినవాడు నిమిషములో పదవవంతు తప్పుగా వ్రాసినచో పెట్టె సుమారు 185 మీటర్ల అవతల పడును. వెదకువారు రాళ్లను తొలగించి, పొదలను కదలించి, రిక్తహస్తములతో మరలిపోవలసి వచ్చును.

రెండవది ఆలస్యము చేయకుండుట. పెట్టెను తీసిన క్షణముననే దాని పూర్వపు చిరునామా అసత్యమగును. తీసినవాడు దానిని తన యింట అలమరలో నుంచి మరచినచో, ఆ సంగతి తెలియక పాత చోటికి వచ్చినవారి శ్రమ యంతయు వ్యర్థమగును. పదిమంది వరుసగా ఒక పెట్టెను అందించుకొనుచున్నారనుకొందము. అందు ఐదవవాడు మరచిపోయినచో తక్కిన ఐదుగురకును ఆట లేదు. మొదటి నలుగురు ఎంత శ్రద్ధతో దాచినను ప్రయోజనముండదు. ఇట్లు మధ్యలోనే అంతరించిన సంచార పేటికలు పెక్కు.

మూడవది స్థలమునకు యజమానియైనవాని అనుమతి పొందుట. నిలుకడగా నుండు పెట్టెకు ఒక్కసారి అనుమతి చాలును. సంచార పేటికకు చోటు మారిన ప్రతిసారియు అనుమతి కావలెను. దారినపోవువారికి ఆ పెట్టె యేమో తెలియదు. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణమున ఒక ఆటగాడు వీధిలో పెట్టె దాచుచుండగా చూచినవారు అనుమానపడి పోలీసులకు తెలిపిరి. వీధిలోని జనులను దూరముగా పంపివేసి, సైనిక నిపుణులు ఆ పెట్టెను పేల్చివేసిరి. తీరా చూడగా అది ఆటపెట్టె. వినోదమునకై దాచినది ఒక ఊరివారిని భయపెట్టెను. కావున ఎచట దాచుచున్నామో, దాని వలన ఇతరులకు కీడు కలుగునేమోయని ఆలోచించుట ఆటగాని మొదటి ధర్మము.

ఇట్టి చిక్కుల మూలముననే, ఈ ఆటను నిర్వహించు ప్రధాన సంస్థ క్రొత్తగా సంచార పేటికలను నమోదు చేయుట మానివేసినది. పెట్టెను పరీక్షించి అనుమతించిన తరువాత అది వేరొకచోటికి తరలినచో ఆ పరీక్షకు అర్థముండదు గదా. ఆ సంస్థ వేరొక ఉపాయమును ఆలోచించినది. పెట్టెలు కదలకుండనే యుండును. వాటిలో గుర్తు సంఖ్య చెక్కిన చిన్న లోహపు బిళ్లలు మాత్రము ప్రయాణము చేయును. ఒక పెట్టెలో బిళ్లను చూచినవాడు దానిని తీసికొని మరియొక పెట్టెలో నుంచి, సంఖ్యను బట్టి ఆ సంగతిని తెలుపును. యజమాని తన బిళ్ల ఏయే దేశములు తిరిగినదో ఇంటనుండియే తెలిసికొనగలడు. 2013లో రిక్ మస్త్రాకియో అను వ్యోమగామి అట్టి బిళ్ల నొకదానిని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు తీసికొనిపోయెను. 2021లో అంగారక గ్రహముపై దిగిన పర్సివరెన్స్ అను యంత్రముపైన కూడ ఇట్టి గుర్తు సంఖ్య యొకటి కలదు.

బిళ్లయైనను పెట్టెయైనను, దానిని నడపునది ఒక్కటే. ఆ పెట్టెకు తాళము లేదు, కావలివాడు లేడు. తీసికొనిపోయి దాచుకొన్నచో అడుగువాడును లేడు. పంచుకొనుటకు అందులో ధనమును లేదు. కనుగొన్నవాడు తన తరువాత వచ్చు అపరిచితుని తలచుకొని, తనకు కలిగిన ఆనందము అతనికిని కలుగవలెనని కోరుటచేతనే అది ముందుకు సాగుచున్నది. డార్ట్‌మూర్ పెట్టెలోని కార్డును తపాలాలో వేసిన యాత్రికుడు చేసినదియు ఇదియే.

మన గ్రంథాలయమున ఒక పుస్తకమును తీసికొని చదివి, పుటలు నలుగకుండ, చెప్పిన గడువులోగా తిరిగి యిచ్చు విద్యార్థి ఈ ధర్మమును ఇదివరకే పాటించుచున్నాడు. ఆ పుస్తకము తన తరువాత ఎవరి చేతికి పోవునో అతడెరుగడు. ఐనను ఆ యెరుగనివాని కొరకే దానిని భద్రముగా నుంచుచున్నాడు. మనకు అందిన దానిని చెడగొట్టక, అందినంత మేలైన స్థితిలో తరువాతివారికి అందించువాడే సంచార పేటికను ముట్టుటకు తగినవాడు.